సూదిలో దారం ఎక్కుతుంది, బంతి మాత్రం చిక్కదు: దూరం అంచనా తప్పిన ఒక కేసు

(రోగిని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను. ఇది రాస్తున్నది కళ్లద్దాలు, రెండు కళ్ల సమన్వయం చూసే ఆప్టోమెట్రిస్టుల కోసం. అయితే కంటినరం జబ్బు నుంచి కోలుకుని, "అన్నీ నార్మల్" అని విన్నాక కూడా ఏదో తేడాగా ఉందనిపించేవాళ్లకూ పనికొస్తుంది.)

నేపథ్యం

ముప్పైల్లో ఉన్న మహిళ. చిన్నప్పటి నుంచి రెండు కళ్లకూ కొద్దిపాటి మైనస్ పవర్ ఉంది, అద్దాలతో 6/6, అంటే మామూలు చూపు. మెల్లకన్ను లేదు, ఆపరేషన్లేవీ జరగలేదు. మా దగ్గరికి వచ్చే నాటికి ఏడాది లోపల కుడికంటికి ఆప్టిక్ న్యూరైటిస్, అంటే కంటినరం వాపు, వచ్చి తగ్గింది. కన్ను కదిపితే నొప్పి, ఎరుపు రంగు వెలిసిపోయినట్టు ఉండటం, రోజుల వ్యవధిలో చూపు మసకబారడం, అన్నీ ఆ జబ్బు లక్షణాలే. న్యూరాలజిస్టు ఎంఆర్ఐ తీయించి, సిరలోకి స్టెరాయిడ్ ఎక్కించారు. ఈ మందు చూపును త్వరగా రప్పిస్తుందే తప్ప చివరికి మిగిలే చూపులో పెద్ద తేడా తీసుకురాదని 1992లో ఫలితాలు వెలువడిన ఆప్టిక్ న్యూరైటిస్ ట్రీట్‌మెంట్ ట్రయల్ తేల్చింది. ఈమెకు కొన్ని వారాల్లోనే కుడికన్ను మళ్లీ 6/6కు వచ్చింది. ఫైల్లో "పూర్తిగా కోలుకున్నారు" అని రాసి ఉంది. ఆ మాట తర్వాత చూసినవాళ్లందరి ఆలోచననూ ఒక దారికి కట్టేసింది.

ఆమె చెప్పిన సమస్య

"నాకు దూరం తెలియడం లేదండీ." మొదట ఇంతే చెప్పారు. కాస్త తరచి అడిగితే మూడు సంగతులు బయటికొచ్చాయి. కారును ఎడమవైపు గోడలకు, స్తంభాలకు మళ్లీ మళ్లీ రాసేస్తున్నారు. టేబుల్ టెన్నిస్ ఎన్నో ఏళ్లుగా ఆడుతున్నా ఇప్పుడు బంతి బ్యాట్‌కు తగలడం లేదు. జనం అటూ ఇటూ నడిచే చోట నిలబడితే తల తిరిగినట్టుంటుంది.

అంతకుముందు చూసినవాళ్లు చూపు, కంటి ఒత్తిడి, రెటీనా, చూపు పరిధి అన్నీ పరీక్షించారు. ఎందులోనూ లోపం దొరక్కపోయేసరికి ఇది ఆందోళన వల్ల అన్నారు. జబ్బు మళ్లీ వస్తుందేమోనన్న భయం ఆమెకు నిజంగానే ఉంది కాబట్టి ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ భయానికి కుడి ఎడమలుండవు. రాసుకుపోయేది ఎప్పుడూ ఎడమవైపే కావడం నాకు మొదటి రోజే వింతగా తోచింది. ఎందుకన్నది మాత్రం అప్పటికి తెలియదు.

లోతు చూపు ఎంత ఉందో కొలవడం

దూరం తెలియడం లేదని ఎవరైనా అంటే మొదట చూసేది స్టీరియోప్సిస్, అంటే రెండు కళ్లూ కలిసి అందించే లోతు చూపు. పెద్దవాళ్లలో రెండు కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. అందువల్ల ఒకే వస్తువు రెండు కళ్లకూ కొంచెం వేర్వేరు చోట్ల కనిపిస్తుంది, ఆ తేడా నుంచి మెదడు లోతు లెక్క కడుతుంది. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ తన స్టీరియోస్కోప్‌తో దీన్ని నిరూపించాడు. 1960లో బేలా యులెస్ చుక్కల బొమ్మలతో మరో అడుగు వేశాడు. ఒక్కో కంటికి అర్థం లేని చుక్కల గుంపు తప్ప ఏమీ కనిపించకపోయినా, రెండూ కలిస్తే ఆకారం పైకి లేస్తుందని చూపించాడు. మన క్లినిక్కుల్లో పోలరాయిడ్ అద్దాలు పెట్టి చూపించే పుస్తకాలు ఈ పరంపరలోనివే.

ఆమె 50 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు కోణం) వరకు తడుముకోకుండా చెప్పారు. చదివే దూరంలో, అంటే 40 సెంటీమీటర్ల దగ్గర, అది సుమారు 0.6 మిల్లీమీటర్ల ముందువెనుకల తేడాను పసిగట్టడంతో సమానం. "సూదిలో దారం ఎక్కించగలరా?" అని అడిగితే, "అదేం కష్టం లేదండీ" అన్నారు. నాలుగు దీపాల పరీక్షలోనూ రెండు కళ్లూ కలిసే పనిచేస్తున్నాయి.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది. స్టీరియోప్సిస్ చక్కగా ఉంది. ఒకవేళ తగ్గినా కారు నడపడం ఇంతలా దెబ్బతినకూడదు. రెండు కళ్ల తేడా నుంచి వచ్చే లోతు, దూరం వర్గానికి అనులోమంగా మోటుబారుతుంది. అదే 50 ఆర్క్ సెకన్లు 20 మీటర్ల దూరంలో దాదాపు ఒకటిన్నర మీటర్ల తేడా ఉంటే గానీ పసిగట్టలేవు. అంత దూరంలో మనల్ని నడిపించేవి ఎక్కువగా ఒంటికంటికీ అందే ఆనవాళ్లే: ఏది దేన్ని కప్పేస్తోంది, తెలిసిన వస్తువు ఎంత చిన్నగా కనిపిస్తోంది, రోడ్డు అంచులు ఎక్కడ కలుస్తున్నాయి, తల కదిపితే ఏది ఎంత వేగంగా జరుగుతోంది. పుట్టుకతో ఒక కన్నే ఉన్నవాళ్లు వీటితోనే బతుకంతా సాగిస్తారు, గోడలకు గుద్దుకోరు. మరి రెండు కళ్లూ ఉన్న మనిషికి ఏమైంది?

సరిచేయబోయి కుదరనివి

జబ్బు తగ్గాక ఆమెకు కొత్త అద్దాలు ఇచ్చారు. అందులో కుడికంటికి ఏటవాలు కోణంలో ఉన్న సిలిండర్ పవర్ కాస్త పెరిగింది. అలాంటి సిలిండర్ ఆ కంటి బొమ్మను ఒక దిశలో సాగదీస్తుంది, దాంతో నేల వాలినట్టు, తలుపులు ఒరిగినట్టు అనిపించవచ్చు. ఇది తరచూ ఎదురయ్యే కారణం, సరిచేయడమూ తేలిక. పాత పవర్‌కు మార్చి కొన్ని వారాలు చూశాం. ఏ మార్పూ లేదు. నేల వాలినట్టుందా అని అడిగితే, "నేల బాగానే ఉంది, కదిలేవే బాగా లేవు" అన్నారు. నోట్సులో ఆ మాట కింద గీత గీశాను.

రెండోది ప్రిజం, అంటే కాంతిని పక్కకు వంచే అద్దం. దగ్గర చూపులో ఆమె కళ్లు కొద్దిగా బయటికి జారే ధోరణిలో ఉన్నాయి. రెండు కళ్లనూ ఒకే చోటికి చేర్చడానికి పడే శ్రమ దూరం లెక్కనూ చెడగొడుతోందేమో అనుకున్నాను. కళ్లు లోపలికి తిరిగే కోణం కూడా దగ్గరి దూరాలకు ఒక ఆనవాలే కదా. ప్రిజంతో చదివేటప్పటి అలసట బాగా తగ్గింది. కారు మాత్రం మళ్లీ ఎడమవైపే రాసుకుంది. ఆ ప్రిజాన్ని చదివే అద్దాల్లో అలాగే ఉంచాం, సమస్యకు కారణం అది కాదని రాసుకున్నాం. కళ్లకు వ్యాయామాలు ఇవ్వాలన్న ఆలోచనా వచ్చింది. సమన్వయం కొలతలు బాగానే ఉన్నప్పుడు దేనికోసం చేయిస్తామన్న ప్రశ్నకు జవాబు దొరక్క మానేశాను.

దారి చూపిన రెండు మాటలు

"కారులో ఒక కన్ను మూసుకుని చూశారా?" అని అడిగాను. "ఇరుకైన చోట కుడికన్ను మూసుకుంటానండీ, అప్పుడు బాగుంటుంది. చెబితే నవ్వుతారని చెప్పలేదు" అన్నారు. ఒక కన్ను మూసుకుంటే దూరం మెరుగ్గా తెలుస్తోందంటే ఒంటికంటి ఆనవాళ్లన్నీ చెక్కుచెదరలేదన్నమాట. పైగా రెండు కళ్లూ కలిసినప్పుడు అందే సమాచారం తక్కువ కావడం లేదు, తప్పుగా అందుతోంది. సమాచారం లేకపోతే మెదడు వేరే ఆనవాళ్లు వెతుక్కుంటుంది. తప్పుడు సమాచారాన్ని మాత్రం నమ్మేస్తుంది.

రెండోది బంతి గురించి. ఏ బంతులు తప్పుతున్నాయో గమనించి రమ్మన్నాను. తర్వాతిసారి వచ్చి ఇలా చెప్పారు: "నా మీదికి నేరుగా వచ్చేవి ఫర్వాలేదు. ఎడమ నుంచి కుడికి పోయే బంతికి తొందరపడి ముందే బ్యాట్ ఊపేస్తున్నాను. కుడి నుంచి ఎడమకు పోయేది ఇంకా దూరంగా ఉందనుకుంటాను, ఈలోపే అది వచ్చేస్తుంది."

కుడికి కదిలేది దగ్గరగా, ఎడమకు కదిలేది దూరంగా అనిపిస్తోందంటే దానికి పేరుంది: పుల్‌ఫ్రిచ్ ప్రభావం.

అసలేం జరుగుతోంది

1922లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త కార్ల్ పుల్‌ఫ్రిచ్ దీన్ని వివరించాడు. తిన్నగా అటూ ఇటూ ఊగే లోలకాన్ని ఒక కంటి ముందు నల్లటి గాజు పెట్టుకుని రెండు కళ్లతో చూస్తే, అది గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. వెలుతురు తగ్గిన కంటి నుంచి సంకేతం కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా వెళ్తుంది. అంటే ఆ కన్ను చూసేది లోలకం కాసేపటి కిందట ఉన్న చోటు. మెదడుకు ఈ ఆలస్యం తెలియదు. రెండు కళ్లలోని బొమ్మల మధ్య పక్కకు తేడా ఉంది కాబట్టి అది లోతు అనుకుంటుంది. (పుల్‌ఫ్రిచ్‌కు అప్పటికే ఒక కంటి చూపు లేదు. తన పేరుతో పిలిచే ఈ దృశ్యాన్ని ఆయన తన కళ్లతో ఎన్నడూ చూడలేకపోయాడు.)

నల్ల గాజు లేకుండానే ఇదే ఆలస్యం ఆప్టిక్ న్యూరైటిస్ తర్వాత రావచ్చు. నరం పోగుల చుట్టూ ఉండే మైలిన్ పొర దెబ్బతింటే సంకేతం నెమ్మదిస్తుంది. చూపు 6/6కు తిరిగొచ్చినా వేగం తిరిగి రాకపోవచ్చు. కంటికి చూపించిన గళ్ల బొమ్మకు మెదడు ఎంతసేపట్లో స్పందిస్తుందో కొలిచే వీఈపీ పరీక్షలో, మామూలుగా 100 మిల్లీసెకన్ల దగ్గర వచ్చే తరంగం ఇలాంటివాళ్లలో ఆలస్యమవుతుందని హాలిడే, మెక్‌డొనాల్డ్, ముషిన్ 1972లోనే చూపించారు. అక్షరాల బోర్డు కన్ను ఎంత సూక్ష్మంగా చూస్తుందో చెబుతుంది, ఎప్పుడు చూస్తుందో చెప్పదు. స్టీరియో పుస్తకంలోని బొమ్మలు కదలవు కాబట్టి అందులోనూ ఇది బయటపడదు.

లెక్క ఎంత పెద్దదో చూడండి. రెండు మీటర్ల దూరంలో ఒక వస్తువు సెకనుకు ఒక మీటరు వేగంతో పక్కకు పోతోంది, కుడికన్ను 10 మిల్లీసెకన్లు వెనకబడింది అనుకుందాం. ఆ కంటికి వస్తువు ఒక సెంటీమీటరు వెనక కనిపిస్తుంది. రెండు చూపు గీతలూ కలిసే చోటు చూస్తే, కుడికి కదులుతున్నప్పుడు వస్తువు 1.73 మీటర్ల దగ్గర, ఎడమకు కదులుతున్నప్పుడు 2.38 మీటర్ల దగ్గర ఉన్నట్టు లెక్క తేలుతుంది. వేగం పెరిగే కొద్దీ తప్పూ పెరుగుతుంది.

కారు చిక్కుముడి కూడా ఇక్కడే విడిపోయింది. ముందుకు వెళ్తుంటే కుడివైపు వస్తువులు చూపులో కుడికి, ఎడమవైపువి ఎడమకు జరుగుతూ పోతాయి. ఆమెకు కుడివైపువన్నీ మీదికి వస్తున్నట్టు, ఎడమవైపు బోలెడంత చోటు ఉన్నట్టు అనిపిస్తుంది. దాంతో కుడి నుంచి తప్పుకుని ఎడమ గోడకు చేరుకుంటున్నారు.

నిర్ధారణ

దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పొడవాటి దారానికి చిన్న గుండు కట్టి, వెనక నిలువుగా ఒక కడ్డీ పెట్టి, గుండును ఆమెకు అడ్డంగా ఊగించాం. గుండును వెంబడించకుండా కడ్డీనే చూడమన్నాం. "గుండ్రంగా తిరుగుతోందా?" అని అడగలేదు. ఆందోళన అన్న ముద్ర పడ్డ మనిషికి జవాబు మనమే అందించకూడదు. "ఎలా కదులుతోందో పైనుంచి చూస్తున్నట్టు కాగితం మీద గీయండి" అన్నాను. కోడిగుడ్డు ఆకారం గీసి, దగ్గరి అంచు మీద కుడికి బాణం వేశారు. కుడికన్ను ఆలస్యమైతే బాణం అటే ఉండాలి. పక్కనే ఉన్న సహాయకుడికి అదే గుండు తిన్నగా ఊగుతూ కనిపించింది. ఆమె ఒక కన్ను మూసుకోగానే తిన్నటి గీత గీశారు. గుండును ఆమె వైపు, వెనక్కి ఊగిస్తే ఏ వింతా కనిపించలేదు.

కనుపాపల మీద లైటు మార్చి మార్చి వేస్తే కుడివైపు స్పందన కొంచెం మందంగా ఉంది, ఎర్ర మూత చూపిస్తే దాని రంగు ఆ కంటికి వెలిసినట్టుంది. వీఈపీ కోసం న్యూరాలజిస్టుకు రాశాం, కుడికంటి తరంగం స్పష్టంగా ఆలస్యమని తేలింది. వీఈపీలో కనిపించే ఆలస్యం, ఆమె చూపులో తేడా తెచ్చే ఆలస్యం ఒకే అంకె కావాలని లేదు. అద్దం ఎంత నల్లగా ఉండాలో ఆ రిపోర్టు చూసి నిర్ణయించలేం.

ఏం చేయాలి

కుడికంటిని వేగవంతం చేసే మార్గం మా చేతిలో లేదు. ఎడమకంటిని నెమ్మదింపజేయవచ్చు.

కన్ను మూసే ప్యాచ్ వేస్తే సమస్య ఆ క్షణమే పోతుంది. కానీ 50 ఆర్క్ సెకన్ల లోతు చూపునూ, ఒక పక్క చూపు పరిధినీ చేజేతులా పారేసుకున్నట్టే. అందుకే దాన్ని చిన్న అవసరాలకు, ఇరుకులో కాసేపు కన్ను మూసుకోవడం వరకే పరిమితం చేశాం. ఎడమకంటికి కాస్త ప్లస్ పవర్ ఇచ్చి మసకబార్చితే సరిపోదా అని ఒక సహోద్యోగి అడిగారు. వినడానికి సబబుగానే ఉంటుంది, ఫలితం మాత్రం తిరగబడవచ్చు. 2019లో బర్జ్ బృందం ప్రచురించిన పరిశోధనలో, మసకబారిన బొమ్మ మెదడులో కొన్ని మిల్లీసెకన్లు ముందే తయారవుతుందని తేలింది. సన్నటి వివరాలను లెక్కకట్టడానికి పట్టే సమయం మసకలో ఆదా అవుతుంది. అంటే ఇప్పటికే ముందున్న ఎడమకన్ను ఇంకా ముందుకు పోతుంది. ఇక్కడ కావలసింది చీకటి, మసక కాదు.

ట్రయల్ ఫ్రేములో ఎడమకంటి ముందు బూడిదరంగు ఫిల్టర్లు ఒక్కొక్కటే పెట్టి మళ్లీ గుండు ఊగించాం. సగం కాంతి వదిలే ఫిల్టరుతో కోడిగుడ్డు సన్నబడింది. పావు వంతు వదిలేదానితో దాదాపు గీతయింది. ఎనిమిదో వంతు వదిలేదానితో బాణం తిరగబడి గుండు అటువైపు తిరగసాగింది. కారణం ఇదేనన్న నమ్మకం నాకు పూర్తిగా కుదిరింది అప్పుడే. మనం మార్చినదాన్ని బట్టి తప్పు తగ్గి, సున్నా అయి, దిశ మార్చుకుంటే ఇంకేం రుజువు కావాలి? పావు వంతు వదిలే ఫిల్టరుతోనే గది చివర సహాయకుడు అడ్డంగా దొర్లించిన బంతిని ఆమె ముందు తడబడుతూ, తర్వాత తడబడకుండా అందుకున్నారు.

ఎడమకు పావు వంతు కంటే కాస్త ఎక్కువ కాంతి వదిలే టింట్, కుడికి మామూలు అద్దం. రంగు తటస్థంగా ఉండాలని పట్టుబట్టాను, గోధుమ, ఆకుపచ్చ టింట్లయితే రెండు కళ్లలో రంగులు వేరుపడతాయి. ఒక పక్కే నల్లద్దం అంటే జనం అడుగుతారని ఆమె మొహమాటపడ్డారు. రెండింటికీ బయట ఒకేలాంటి లేత మిర్రర్ పూత వేయించడంతో ఎదుటివాళ్లకు తేడా అంతగా తెలియదు.

రాత్రి కారు నడిపేటప్పుడు ఈ జత వద్దని గట్టిగా చెప్పాం. 75 శాతం కంటే తక్కువ కాంతి వదిలే అద్దాలు రాత్రి డ్రైవింగుకు తగవని ప్రమాణాలు చెబుతున్నాయి. పైగా చీకట్లో అదే టింట్ తెచ్చే ఆలస్యం ఎక్కువ, పగలు సరిపోయింది రాత్రి అతి అవుతుంది. న్యూరాలజిస్టుతో మాట్లాడాక, పగలు ఖాళీ స్థలంలో పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని సాధన చేసి నమ్మకం కుదిరేదాకా రోడ్డెక్కకూడదని, రాత్రి అసలు నడపకూడదని నిర్ణయించుకున్నాం. ఆమె దీనికి సంతోషించలేదు, ఒప్పుకున్నారు.

పని చేసింది, ఎంతవరకు

జనంలో తల తిరగడం మొదటి వారాల్లోనే బాగా తగ్గింది. కారు ఎడమవైపు లాగడం ఆగింది. టేబుల్ టెన్నిస్ సగమే బాగుపడింది. ఆట మొదట్లో బంతి చక్కగా అందుతుంది, ఒళ్లు వేడెక్కి చెమట పట్టాక మళ్లీ తప్పుతుంది. మైలిన్ దెబ్బతిన్న నరంలో వేడికి సంకేతం ఇంకా మందగిస్తుంది. 1890లోనే ఊట్‌హోఫ్ వర్ణించిన లక్షణం ఇది. మారిపోయే ఆలస్యాన్ని మారని అద్దం పూర్తిగా సరిదిద్దలేదు. ఫ్యాన్ దగ్గర ఆడటం, మధ్యలో ఆగి చల్లబడటం అద్దం కంటే ఎక్కువ పనిచేశాయి.

ఈ కేసు తర్వాత మా పద్ధతిలో మార్పులొచ్చాయి. దూరం తెలియడం లేదన్న ప్రతివారినీ "ఆగి ఉన్నవా, కదిలేవా? ఏ వైపుకు కదిలేవి? ఒక కన్ను మూస్తే మెరుగా, అధ్వానమా?" అని అడుగుతున్నాం. మూడో ప్రశ్నకు "మెరుగు" అన్న జవాబు వస్తే స్టీరియో పుస్తకం ఎంత బాగున్నా లోలకం తీస్తాం. కంటినరం జబ్బుకే కాదు, ఒక కంటికే శుక్లం ముదిరినవాళ్లలో, రెండు కనుపాపలూ వేర్వేరు సైజుల్లో ఉన్నవాళ్లలో కూడా కళ్లకు అందే వెలుతురు తేడా వల్ల ఇదే జరగవచ్చు. అక్కడ ముందు చేయాల్సింది మూలకారణానికి చికిత్స, టింట్ కాదు.

కొన్ని నెలల తర్వాత ఆమె కొత్త ఫిర్యాదుతో వచ్చారు. ఈసారి కారు కుడివైపుకు లాగుతోందన్నారు. అద్దం పెట్టుకునే గుండును చూడమంటే కోడిగుడ్డు గీసి, దగ్గరి అంచు మీద బాణం ఎడమకు వేశారు. అద్దం తీసి చూడమంటే పాత వైపుకే, కానీ మునుపటి కంటే చాలా సన్నగా గీశారు. నరం కొంత వేగం తెచ్చుకుంది, పాత టింట్ ఇప్పుడు అతి అయింది. ఫిల్టర్లతో మళ్లీ కొలిచి, సగం కంటే ఎక్కువ కాంతి వదిలే లేత టింట్‌కు మార్చాం. పాత జతను ఆమె దగ్గర ఉంచకుండా వెనక్కి తీసుకున్నాం.